నాలుగో గడి

తిన్నాక షుగరు మూడు వందలు దాటిందని
డైటీషియన్ మేడం ఒక కాగితం చేతిలో పెట్టింది.
మూడు గడులు: టైము, తిన్నది, ఎంత.
వారం రోజులు ఉన్నదున్నట్టు రాసుకు రమ్మంది.
ఉన్నదున్నట్టు అన్న చోటే
నా పెన్ను ఆగిపోయింది.

సోమవారం. ఒంటిగంటా పది.
రెండు పుల్కాలు, దోసకాయ పప్పు, ఒక గిన్నె.
అబద్ధం కాదు.
కానీ పొద్దున మా పొయ్యి మీద ఉన్నది
చింతచిగురేసిన ఎండు రొయ్యలు.
మాదాపూర్‌లో మా ఏడో అంతస్తుకి
మైక్రోవేవ్ ఒక్కటే.
దాని తలుపు తెరిస్తే
ఎవరి ఇల్లు ఏదో అంతస్తంతా తెలిసిపోతుంది.
ఓసారి నేను తెరిచినప్పుడు
వెనక లైనులో ఎవరో "అబ్బా" అన్నారు.
చిన్న మాటే. తిట్టు కూడా కాదు.
ఆనాటి నుంచి నా డబ్బాకి
నోరులేని కూరలే అలవాటయ్యాయి.

ఇల్లు వెతికినప్పుడూ ఇంతే.
నల్లకుంటలో ఓనరు పేరు అడగలేదు,
"మీరు ఏం తింటారు?" అన్నాడు.
మా రాజలింగం తడుముకోకుండా
"అన్నం" అన్నాడు.
బండెక్కి విద్యానగర్ దాకా నవ్వుకున్నాం.
తర్వాత నవ్వలేదు.

మంగళవారం నాలుగున్నర. చాయ్, దిల్‌ఖుష్ సగం.
ఆకలి లేదు.
నేను మూడు రాత్రులు కూర్చుని చేసిన లెక్క
మీటింగులో వేరే నోటితో వినిపించింది.
మిగతా సగం ఐదింటికి.

బుధవారం రాయలేదు.

గురువారం టీం లంచ్, జూబ్లీహిల్స్.
మెనూ కార్డు పెళ్ళి కార్డంత బరువు.
జాహ్నవి "నాకు క్వినోవా" అంది.
"నాకూ అదే" అన్న గొంతు
నాదేనని కాసేపటికి గుర్తుపట్టాను.
ఎనిమిది మందిమి, ఆరు క్వినోవాలు.
మొదట నోరు తెరిచిన మనిషే
మిగతా అందరి నోళ్ళతో తింటుందేమో.
పక్కనే కొర్రల కిచిడీ, నాలుగు వందల ఇరవై.
మా నాయినమ్మ అది తిన్నది కరువుకు.
చుట్టాలొస్తే కొర్రల కుండ
మంచం కిందికి తోసేదట.

అందుకే మా అమ్మకి తెల్లబువ్వంటే బువ్వ కాదు,
గెలుపు.
గటక గిన్నె దగ్గర బయల్దేరి
ముప్పై ఏళ్ళు నడిచి సన్నబియ్యం దాకా వచ్చింది.
ఇప్పుడు మేడం వెనక్కి నడవమంటోంది.
"తెల్లబువ్వ తిననియ్యని డాక్టరేం డాక్టరే?"
అంటూ రెండో గరిటె వేసింది.
చెయ్యి అడ్డం పెట్టొచ్చు.
పెడితే ఆగేది అన్నం కాదు కదా.

శనివారం.
ఆఫీసులో నలుగురం కూడా లేం.
నీళ్ళ సీసా నింపుకోడానికి మెట్ల వైపు వెళ్తే
వాసన.
మా ఇంటి వాసన, ఏడో అంతస్తులో!
ప్యాంట్రీ ఎల్లవ్వ మెట్టు మీద కూర్చుని
ఎండు చేప ముక్క అన్నంలో చిదుముతోంది.
నన్ను చూసి మూత మూయబోయింది.
అదే చెయ్యి, అదే తొందర,
నా చెయ్యి ఇంకొకరికి ఉన్నట్టు.
"నేనూ తింటా" అన్నాను.
ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది,
ఐడీ కార్డు దగ్గర కాసేపు ఆగింది,
తర్వాత జరిగి చోటిచ్చింది.
ఎంత తిన్నానో తెలీదు.
కారం కళ్ళలోకి వచ్చింది. కారమే.

ఆ రాత్రి స్కేలు పెట్టి
కాగితం మీద ఇంకో గీత గీశాను.
నాలుగో గడి: ఎదురుగా ఎవరు.
సోమవారం దగ్గర, మైక్రోవేవ్ లైను.
గురువారం, జాహ్నవి.
ఆదివారం, మా అమ్మ గరిటె.
శనివారం దగ్గర ఎల్లవ్వ అని రాసి,
ఎందుకో, ఇంటిపేరు అడగాల్సింది అనుకున్నాను.

మేడం కళ్ళజోడు సర్దుకుని
మూడు గడులూ చదివింది.
నాలుగోదాని మీద రక్తపరీక్ష రిపోర్టు పెట్టి
స్టేప్లర్ కొట్టింది.

"సోమవారం చాలా బాగుందమ్మా.
రోజూ ఇలాగే తినండి."